అందించేవాడు లేని పాట

మా చర్చిలో పెద్దవాళ్ళకు చాలామందికి చదువు రాదు. నల్లగొండ వైపు ఊళ్ళ నుంచి వచ్చి సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల స్థిరపడిన కుటుంబాలు మావి. పాటల పుస్తకం చేతిలో పట్టుకుంటారు కానీ అది మర్యాద కోసమే. అందుకని మా దగ్గర పాట పాడే పద్ధతి వేరు. ఒకరు ముందు నిలబడి ఒక్కో పాదాన్ని గబగబా పలుకుతారు. అది పూర్తిగా మాటా కాదు, పూర్తిగా రాగమూ కాదు. మిగతా అందరూ దాన్ని అందుకుని నెమ్మదిగా, సాగదీసి పాడతారు. వాళ్ళ చివరి అక్షరం ఇంకా గాలిలో ఉండగానే తర్వాతి పాదం వాళ్ళ చెవిలో పడాలి. తొందరపడితే అందరూ తలో మాటా అంటారు. ఆలస్యమైతే ఎక్కడ ఆగాలో తెలియక మళ్ళీ పాత పాదమే ఎత్తుకుంటారు. దీన్ని మేము అందియ్యడం అంటాం. నిక్కరు వేసుకునే రోజుల నుంచీ మా చర్చిలో అందించేది మా అన్న.

అన్న గొంతు పోయింది ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదలైన ఏడాది ఎండాకాలంలో. కాలేజీలు మూసేశారు. పరీక్షలు ఎప్పుడు జరుగుతాయో, అసలు జరుగుతాయో లేదో ఎవరికీ తెలియదు. నేను లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని ఇంట్లో కూర్చున్నాను. అన్న రోడ్డు మీదికి పోయాడు. నినాదానికి కూడా అందించేవాడు కావాలి కదా. ఒకడు ఎత్తుకుంటే వందమంది జవాబు చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్ కుర్రాళ్ళు ఎవరో చెప్పగా అన్నను వెతుక్కుంటూ వచ్చారు. అప్పటి నుంచి ఊరేగింపు ఏ వైపు పోయినా ముందు వరసలో అన్న ఉండేవాడు. దేవుని పాట అందించే నోటితో ఈ అరుపులేమిటని అమ్మ గొణిగేది. అరుపులు కావు, అడుగుడు అనేవాడు అన్న.

ఒకరోజు మూసారాంబాగ్ దగ్గర లాఠీలు లేచాయి. పరుగెత్తేవాళ్ళలో ఎవరికి ఎక్కడ తగిలిందో చూసేవాళ్ళు లేరు. అన్నకు గొంతు మీద అడ్డంగా తగిలింది. పెద్ద దవాఖానలో చాలాకాలం పడుకున్నాడు. ప్రాణానికి భయం లేదని, తిండి మింగుడు పడుతుందని, గొంతు మాత్రం మళ్ళీ రాదని డాక్టరుగారు అమ్మను పక్కకు పిలిచి చెప్పారు. అమ్మకు అర్థం కాలేదు. దగ్గు తగ్గితే వస్తుందనుకుంది. ఇంటికి వచ్చాక అన్న నోరు తెరిస్తే గాలి వచ్చేది. ఆ గాలిలో మాట ఉండేది కానీ చెవి ఆనిస్తే తప్ప దొరికేది కాదు.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్ దాటాక విజయవాడ రోడ్డు పక్కన, ఈమధ్య కొందరు ఎల్.బి. నగర్ అని పిలుస్తున్న వైపు. ద్రాక్షతోటకు నాయిన కావలి. తోటవాళ్ళు ఇచ్చిన రెండు గదుల్లో మేము. అంతకుముందు అన్న తోట ఆ చివరి నుంచి పిలిస్తే మా గదిలోకి వినిపించేది. ఇప్పుడు ఒకే గదిలో ఉన్నా నేను పుస్తకం మూసి, లేచి వెళ్ళి, వంగి వినాలి. నాది పుట్టుకతోనే చిన్న గొంతు. చర్చిలో ముసలమ్మలు ఎప్పుడూ అనేవారు, అన్న గొంతుల పావలా వంతన్న నీకు రాలేదేందే అని. ఆ వేళాకోళం కూడా ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.

వానలు మొదలయ్యాక ఒక పగటిపూట నేను మంచం మీద కూర్చుని చదువుకుంటుంటే అన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చెవి దగ్గరికి వంగాడు.

"చెల్లె, డబ్బాల సారు తాన నా గొంతున్నది."

నాకు వెంటనే తట్టలేదు. తర్వాత గుర్తొచ్చింది.

డబ్బాల సారు అని పిల్లలు పేరు పెట్టిన ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చినవాడు. రేడియోలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ఇంట్లో బల్బుల్లాంటి వాల్వులు పెట్టి ఏవేవో డబ్బాలు బిగించుకునేవాడు. వాటి మీది మరలు తిప్పితే ఈలలు, మూలుగులు, గరగరలు వచ్చేవి. అది సంగీతమనేవాడు. కరెంటు సంగీతమని అందరూ నవ్వేవారు. ఉద్యమానికి ముందు ఏడాది మా చర్చి కోత పండుగకు ఆయన పెద్ద పెట్టెలాంటి టేప్‌రికార్డర్ మోసుకొచ్చాడు. పాస్టరుగారి అనుమతి తీసుకుని గోడ పక్కన చాప మీద కూర్చున్నాడు. చక్రాలు తిరుగుతుంటే కళ్ళు మూసుకుని మా పాట విన్నాడు. ఆ రోజు అన్న అందించింది పుస్తకంలో లేని పాట. మా ఊళ్ళో పాత తరం వాళ్ళు కట్టుకున్నది.

"ఒక్కపారి ఇనాలె," అన్నాడు అన్న. "ఎట్లుండెనో మర్చిపోతున్న."

ఇదొక్కటే అడిగాడు. దవాఖాన నుంచి వచ్చాక ఏది పెట్టినా తిన్నాడు, ఎక్కడ పడుకోమంటే అక్కడ పడుకున్నాడు. ఇది కావాలని అడగడం అదే మొదలు.

మర్నాడు ఇద్దరం ఆయన ఇంటికి వెళ్ళాం. ప్రహరీ గోడ మీద వెళ్ళిపొమ్మని సుద్దతో రాసిన ఇంగ్లీషు అక్షరాలు, తడిగుడ్డతో తుడిచినా పూర్తిగా పోలేదు. అన్న వాటిని చూస్తూ నిలబడ్డాడు. ఆ రాత అన్నది కాదు. కానీ ఆ మాట ఆ వీధిలో అందించింది అన్నే. జేబులోంచి చేతిరుమాలు తీసి మెడకు చుట్టుకున్నాడు. చెప్పొద్దు అన్నట్టు నా వైపు వేలు ఊపాడు.

తలుపు సందుగా తెరుచుకుంది. లోపలి గొలుసు తీయకుండా ఆయన మమ్మల్ని పరకాయించి చూశాడు. తర్వాత మొహం విచ్చుకుంది.

"చర్చి వాళ్ళు కదూ? రండి, రండమ్మా. ఈ రోజుల్లో తలుపు కొడితే గుండె ఆగినంత పనవుతోంది."

లోపల నేల కనిపించలేదు. ఎక్కడ చూసినా తీగలు. బట్టలారేసే తాడుకు క్లిప్పులు పెట్టి గోధుమరంగు టేపు ముక్కలు వేలాడదీశాడు, కొన్ని బెత్తెడు, కొన్ని నిలువెత్తు. నేను నేల చూస్తూ మాట్లాడాను. మా చర్చి పాట టేపు మీ దగ్గరుందట, మా అన్న ఒకసారి వింటాడట అన్నాను. ఆ రెండు మాటలకే నాకు చెమట పట్టింది.

ఆయన పొంగిపోయాడు. తన ప్రోగ్రామంతా ఆ పాట మీదే కట్టానన్నాడు. గొడవల వల్ల వాయిదాలు పడి పడి చివరికి ఈ ఆదివారం కుదిరిందని, ఇక్కడి బడి హాల్లోనే అని, సాయంత్రానికి మళ్ళీ కర్ఫ్యూ పెడతారేమోనని మధ్యాహ్నమే పెట్టుకున్నానని చెప్పాడు. ఇప్పుడు వినిపించడం కుదరదు, అంతా ముక్కలు చేసి అతికించి సిద్ధం చేశానన్నాడు.

"ఆదివారం అందరూ రండి. మీ గొంతులు మీరే పోల్చుకోలేరు, చూడండి," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. తర్వాత అన్న వైపు తిరిగాడు. "ఏం బాబూ, పలకవు? మా వాళ్ళ మీద కోపమా?"

అన్న నవ్వి తల అడ్డంగా ఊపాడు.

రోడ్డు మీదికి వచ్చాక, ఉన్న సంగతి చెప్తే ఆయన మనకోసం వేరే తీసి ఉంచేవాడేమో కదా అన్నాను. అన్న ఆగి నా చెవి దగ్గరికి వంగాడు. "పొమ్మన్నోన్ని నేను. గా మనిషి జాలి నాకెందుకు?"

ఆదివారం వచ్చేదాకా అన్న వేరే మనిషిలా ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. చొక్కాకు గంజి పెట్టమన్నాడు. తోటలో పందిళ్ళ కింద పచార్లు చేస్తూ పెదవులు కదిలించేవాడు. పాదాలు వరసగా గుర్తు చేసుకుంటున్నాడని నాకు తెలుసు. అమ్మకు చెప్తే కళ్ళు తుడుచుకుంది. టేపులో ఉన్నదాన్ని మళ్ళీ గొంతులో పెట్టే డాక్టరు ఉండడా అని అడిగింది. ఉండడని నేను అన్నాను. అంత చదివి అదొక్కటి చెప్తవా అంది.

బడి హాలు బయటి నుంచి మామూలుగానే ఉంది. లోపల సారు కిటికీలన్నిటికీ నల్ల గొంగళ్ళు కట్టి పగటిని రానివ్వకుండా చేశాడు. నాలుగు వైపులా పైనుంచి నేల దాకా తెల్ల దుప్పట్లు వేలాడుతున్నాయి. వేదిక లేదు. మధ్యలో చాపలు. ఎటు తిరిగి కూర్చోవాలో తెలియక జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఫ్యాక్టరీ ఇంజనీర్లు, వాళ్ళ భార్యలు ఒకవైపు, మా చర్చి వాళ్ళు ఒకవైపు సర్దుకున్నారు. మధ్యలో ఎవరూ చెప్పకుండానే సందు ఏర్పడింది. ఆ సందు చివర ఒక టేబుల్ మీద ఆయన డబ్బాలు. రెండు టేప్‌రికార్డర్లను దూరదూరంగా పెట్టి, ఒకదానిలోంచి టేపు లాగి, కుర్చీ వీపు మీదుగా తిప్పి, రెండోదానిలోకి పంపి, మళ్ళీ మొదటిదానికి తెచ్చి అతికించాడు. మొదలూ చివరా లేని టేపు అది.

మా వెనక కూర్చున్న చర్చి పెద్దమ్మ హార్మోనియం ఏదని అడిగింది. లేదన్నాను. తబల? అదీ లేదు. "మరి ఆయిన ఏం వాయిస్తడే?" అంది. నాకేం తెలుసు.

దీపాలు ఆర్పేశారు. ముందు ఏమీ లేదు. తర్వాత నేల కిందినుంచి వచ్చినట్టు ఒక గుంయ్‌మనే శబ్దం. అది పళ్ళలోకి ఎక్కింది. దానిమీద ఒక సన్నటి ఈల, పైకి పోతూ పోతూ చెవికి అందనంత పైకి పోయింది. అప్పుడు దుప్పట్ల మీద రంగులు పడ్డాయి. దుప్పట్ల వెనక ప్రొజెక్టర్లు పెట్టి, వాటి ముందు గాజు పలకల మీద నూనె, నీలిమందు, రంగు సిరాలు పోసి కదిలిస్తున్నారని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం గోడలు కరిగిపోతున్నాయనిపించింది. నీలం బొట్టు ఒకటి మనిషంత ఎత్తుకు పెరిగి, పగిలి, చిన్న చిన్న బొట్లయింది. అవి మళ్ళీ ఒకదాన్నొకటి మింగాయి. ముందున్నది వెనక్కి పోయింది, వెనకున్నది పక్కకు వచ్చింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. తన మొహం మీద కూడా ఎర్రటి చారలు పాకుతున్నాయి. తెల్లగా గంజి పెట్టిన అన్న చొక్కా కూడా దుప్పటి అయిపోయింది.

"మా రేడియో చెడిపోతె గిట్లనే మొత్తుకుంటది," అన్నాడు చీకట్లో మా చర్చి మనిషి ఒకాయన. "టికెట్టు పెట్టేదుండె." మా వైపు నవ్వులు. ఇంజనీర్ల వైపు నుంచి ఎవరో ష్ అన్నారు. పెద్దమ్మకు కోపం వచ్చి, మీకు చెవులున్నయి మాకు లేవా అని గొణిగింది.

నేను నవ్వలేదు. నాకు అది నచ్చిందని రాస్తే అబద్ధం, నచ్చలేదని రాసినా అబద్ధమే. పుస్తకాల్లో చదివిన సముద్రం అడుగు ఇలా ఉంటుందేమో అనుకున్నాను. ఎప్పుడూ ఇంట్లో, చర్చిలో, తోటలో తప్ప ఎక్కడా కూర్చోని నేను, నా చుట్టూ ఏ గోడా లేని చోట కూర్చున్నాను. భయం వేసింది. అయినా అది ఆగిపోకూడదనిపించింది. పక్కన అన్న రెండు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మెడ చాచి కూర్చున్నాడు. రంగులు చూడటం లేదు. కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఎదురు చూస్తున్నాడు.

గుంయ్‌మనే శబ్దం తగ్గింది. దాని కిందినుంచి మా పాట వచ్చింది.

చాలా నెమ్మదిగా, అసలు పాట కన్నా రెండింతలు సాగి, నాలుగు మూలల నుంచీ వచ్చింది. *మా గుడిసె వాకిట నిలిచినవాడా.* అమ్మ నా వేళ్ళు నలిపేసింది. "మనోళ్ళే," అంది. మా చర్చి వాళ్ళందరిలో కలకలం రేగింది. నీ గొంతే అది, కాదు నీదే అని ఒకరినొకరు పొడుచుకున్నారు. పాదం అయిపోయింది. జనం ఊపిరి పీల్చుకునే చప్పుడు వినిపించింది, అంతమంది ఒక్కసారి పీల్చే ఊపిరి. మళ్ళీ అదే పాదం. మళ్ళీ ఊపిరి. మళ్ళీ అదే.

కొంతసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. ఆ ఊపిరికి ముందు, గబగబా, పదునుగా రావలసింది ఒకటి ఉంది. అది రావడం లేదు. ఇప్పుడొస్తుందని నేను ప్రతిసారీ చూశాను. రాలేదు. జవాబు చెప్పేవాళ్ళంతా ఉన్నారు. అందించేవాడు లేడు.

ఆ పాదం దుప్పట్ల మీద కూడా తిరిగింది. ఒక పెద్ద పసుపు వలయం ఊపిరి పీల్చినప్పుడు ముడుచుకుని, పాడినప్పుడు విచ్చుకునేది. ఎంత విచ్చుకున్నా అంచు దాటకుండా మళ్ళీ ముడుచుకునేది. అన్న వైపు చూశాను. కళ్ళు తెరిచాడు. మొహం మీద పసుపు వచ్చి పోతోంది.

జనం చివరి అక్షరం ఇంకా సాగుతుండగానే అన్న ముందుకు వంగాడు. చర్చిలో వంగినట్టే, కుడిచెయ్యి కాస్త పైకెత్తి. పెదవులు కదిలాయి. నేను ఆనుకునే కూర్చున్నాను కాబట్టి గాలి వినిపించింది. *మా మన్ను చేతులు పట్టినవాడా.* రెండో పాదం అందించాడు. సరిగ్గా అందించాల్సిన చోట, ఒక్క రవ్వ ముందూ వెనకా కాకుండా.

టేపు తిరిగింది. *మా గుడిసె వాకిట నిలిచినవాడా,* అన్నారు వాళ్ళు.

అన్న మళ్ళీ అందించాడు. ఈసారి మెడ నరాలు లేచాయి, రుమాలు పక్కకు జారింది. అమ్మ గొంతు, పెద్దమ్మ గొంతు, నాయిన గొంతు, నా గొంతు కూడా ఎక్కడో అందులో ఉండి ఉంటుంది, అందరం కలిసి మళ్ళీ మొదటి పాదమే అన్నాం. మూడోసారి చెయ్యి ఎత్తాడు కానీ నోరు తెరవలేదు. చెయ్యి అలాగే కాసేపు ఉంచి, దించి, ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ తర్వాత రంగులు ఎన్ని మారాయో, ఈలలు ఎన్ని లేచాయో నేను చెప్పలేను.

దీపాలు వెలిగాక ఇంజనీర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ళను చూసి మా వాళ్ళూ కొట్టారు. అమ్మను నలుగురు ఆడవాళ్ళు చుట్టుకున్నారు. గోడల్లోంచి తమ గొంతులు విన్న సంబరంలో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అమ్మ నవ్వుతోంది. కొడుకు వచ్చింది దేనికో ఆ కాసేపు మర్చిపోయింది. ఎన్ని నెలల తర్వాతో అమ్మ నవ్వింది, దాన్ని ఆపడానికి నాకు మనసు రాలేదు.

అన్న లేచి టేబుల్ దగ్గరికి నడిచాడు. నేను వెనక వెళ్ళాను. ఇప్పుడిక మాట్లాడాల్సింది నేనే.

ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎలా ఉందని మమ్మల్నే ముందు అడిగాడు. బాగుందన్నాను. పాటలో మధ్యన మాట చెప్పే గొంతు వినిపించలేదు సార్, అదేమైంది అని అడిగాను.

"అదా! భలే కనిపెట్టావే అమ్మాయ్," అన్నాడు సంతోషంగా. "మధ్యమధ్యలో ఎవరో అడ్డొస్తూ ఉంటారు కదా, అవన్నీ తీసేశాను. బ్లేడు పెట్టి కోయడం, అతికించడం, ఎంత పనో తెలుసా? ఇప్పుడు చూడు, అతుకు ఎక్కడుందో నాకే తెలీదు."

"అది మా అన్న, సార్," అన్నాను.

ఆయన అన్న వైపు చూశాడు. ముందు నిలబడి చెప్పిన కుర్రాడు గుర్తొచ్చినట్టుంది. అయ్యో అని నొచ్చుకున్నాడు. తనకు అది పాటలో భాగమని తట్టలేదన్నాడు. వెంటనే తేరుకున్నాడు.

"దానికేముంది బాబూ? మిషను ఇక్కడే ఉంది. ఇప్పుడు చెప్పు, మళ్ళీ రికార్డు చేద్దాం."

మైకు తీసి అన్న ముందు పెట్టాడు. మీద ఉన్న దుమ్మును ఉఫ్ అని ఊది మరీ పెట్టాడు.

అన్న మెడ మీది రుమాలు విప్పాడు. ఆయన ఆ మచ్చను చూశాడు, నన్ను చూశాడు. నేను జరిగింది చెప్పాను. ఎక్కడ జరిగిందో, ఏం చేస్తుండగా జరిగిందో కూడా చెప్పాను. ఆయన మైకు తీసేశాడు. వంగి టేబుల్ కింద వెతికి ఒక బిస్కెట్ల డబ్బా తీశాడు. దాన్నిండా టేపు ముక్కలు. అసలు టేపు మిగతాది ఉందా అని అడిగాను. బొంబాయి నుంచి రావాలమ్మా టేపు, దొరకడం లేదు, అందుకని దానిమీదే వేరేవి రికార్డు చేశానన్నాడు. కోసినవాటిలో చాలావరకు చెత్తలో పోయాయని, కొన్ని ఇందులో ఉండొచ్చని చెప్పాడు.

ఒక్కో ముక్కనూ తీసి, టేప్‌రికార్డర్‌లో టేపును చదివే హెడ్ మీదుగా చేత్తోనే లాగుతూ వినిపించాడు. ఒకదానిలో దగ్గు. ఒకదానిలో బెంచీ ఈడ్చిన చప్పుడు. పసిపిల్ల ఏడుపు, అదీ సగంలో తెగిపోయింది. కొన్నిటిలో ఏమీ లేదు, బుసబుస మాత్రమే. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి, జల్ది రండి బిడ్డా, కర్ఫ్యూ పెడ్తరంట అని కేకేసింది. ఆయన మాత్రం ఆపలేదు. బెత్తెడు కన్నా చిన్న ముక్కలు కూడా ఏరి ఏరి పెట్టాడు.

ఒకదానిలో "డా" అని వినిపించింది.

ఆయన ఆగాడు. మళ్ళీ లాగాడు. డా. పాదం చివరి అక్షరం. సాగలేదు, కొట్టినట్టు తెగింది. జనం పాడినప్పుడు అలా తెగదు. అందించేవాడిది అయితేనే అలా తెగుతుంది. కానీ పాస్టరుగారు కూడా ఆ రోజు ఒకటి రెండు పాదాలు అందించారు. ఆయనది కూడా మగ గొంతే.

అన్న నా మొహంలోకి చూశాడు. దగ్గరికి వంగాడు.

"నేనేనా?"

డబ్బాల సారు వేళ్ళ మధ్య టేపు పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు. మళ్ళీ లాగమన్నాను. లాగాడు. మళ్ళీ. నేను కళ్ళు మూసుకున్నాను. పుట్టినప్పటి నుంచి విన్న గొంతు. తోట ఆ చివరి నుంచి నన్ను పిలిచిన గొంతు, చదువుకోనివ్వకుండా విసిగించిన గొంతు. దాన్ని తెచ్చుకుని ఈ ముక్క పక్కన పెట్టి చూద్దామని ఎంత ప్రయత్నించినా, నా లోపలి నుంచి ఏదీ రాలేదు. అన్న ఏమనేవాడో అన్నీ గుర్తున్నాయి. ఎలా వినిపించేవాడో లేదు. అతని గొంతును మర్చిపోయింది అతనొక్కడే కాదు.

"నువ్వే అన్నా," అన్నాను.

అన్న నా కళ్ళలోకి ఇంకాసేపు చూశాడు. తర్వాత ఆయన చేతిని మెల్లగా పట్టుకుని ఆపాడు. ఆ ముక్కను ఒక కాగితంలో చుట్టి ఇస్తానన్నాడాయన. అన్న వద్దని చెయ్యి ఊపి, రెండు చేతులూ జోడించి, బయటికి నడిచాడు.

విజయవాడ రోడ్డు మీద బస్సులు లేవు. అందరం గబగబా నడిచాం. అమ్మ దారంతా చెప్తూనే ఉంది, ఏ గోడలోంచి ఎవరి గొంతు వచ్చిందో, పెద్దమ్మ ఎలా ఉలిక్కిపడిందో. నాయిన ఎదురొచ్చి, ఏమాయె, ఇన్నడా అని నన్ను అడిగాడు. విన్నాడని చెప్పాను.

ఆ రోజు తర్వాత అన్న నా చెవి దగ్గరికి వంగడం మానేశాడు. కావలసింది చేత్తో చూపిస్తాడు. మాట్లాడాలని నేనే దగ్గరికి వెళ్ళి తల వంచి నిలబడితే, నవ్వి, భుజం తట్టి వెళ్ళిపోతాడు. చర్చిలో ఇప్పుడు వేరే అతను అందిస్తున్నాడు. బాగానే అందిస్తాడు. అన్న చివరి వరసలో గోడకు ఆనుకుని కూర్చుంటాడు. అందరూ పాడుతున్నప్పుడు పెదవులు కూడా కదపడు.

నేను ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నాను. ఎవరూ లేనప్పుడు తోట చివరిదాకా వెళ్ళి, అక్కడి నుంచి ఇంటి వైపు తిరిగి నిలబడి, చెల్లె అన్న ఒక్క మాటను అతని గొంతుతో తెచ్చుకోవాలని చూస్తాను. వచ్చేది ఆ డబ్బాలోని అక్షరమొక్కటే. అది ఎవరిదో నాకు తెలియదు.